నీళ్ల బిందె బొమ్మ

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్లల్లో, పంతుళ్లు ధర్నా టెంట్ల కింద. భూపాలపల్లిలో బొగ్గు బాయి కార్మికులు పని ఆపేసరికి కరెంటు కూడా సమ్మెలోకి దిగినట్టే అయింది. ఉద్యమం మనదే, చీకటీ మనదే, ఇక ఎవరిని తిట్టుకుంటాం?

జనగామలో చిన్న నెట్ సెంటర్ నడుపుకునే తిరుమలకు మాత్రం ఆ తిట్లు నాలుక చివరే ఉండేవి. ఆ పిల్లకు కోపం ఎంత తొందరగా వచ్చేదో నవ్వూ అంతే తొందరగా వచ్చేది. హైవే మీద పెద్ద వంటావార్పు చేయాలని ఉద్యమ కమిటీ అనుకుంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తిని, బండ్లను ఆపాలి. ఏ ఊరు ఏం తేవాలో కాగితం మీద రాసుకుందామని కమిటీ పెద్ద యాకయ్య అనగానే తిరుమల లేచి నిలబడింది.

"కాగితమెందుకు పెద్దబాపూ? నేనొక వెబ్ పేజీ చేస్త. ఊర్లల్ల పోరగాళ్లు ఫోన్ల నొక్కితే సాలు."

యాకయ్య ఆమెను కిందికీ మీదికీ చూశాడు. "సరే బిడ్డా, నీ మాట మీద ఇడుస్తున్నం. రేపు జనం పస్తులుంటే మాత్రం మల్ల కంప్యూటర్ ముచ్చట నా ముంగట ఎత్తొద్దు."

అంతమంది మగవాళ్ల మధ్య నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న పని. అది చెడితే జనగామలో తలెత్తుకుని తిరగలేనని తిరుమలకు తెలుసు.

ఒంటిచేత్తో అయ్యేది కాదు. వరంగల్‌లో తనతో చదివిన ఇద్దరిని కలుపుకుంది. ఒకడు మహబూబాబాద్ పక్క తండాలో ఉండే భీమ్లా, రెండోవాడు రేగొండ హరీశ్. ముగ్గురు రాసే కోడ్ ఇంటర్నెట్‌లో ఒక్కచోట చేరేది. ఎవరు ఏ వరుస మార్చారో అక్కడ దాగేది కాదు. ఒకరు రాసింది ఇంకొకరు చూసి సరే అంటేనే పేజీకి ఎక్కించాలని ఒట్టు పెట్టుకున్నారు. ఇక్కడ కరెంటు పోతే అక్కడ ఉండేది, అక్కడ పోతే ఇంకోచోట వచ్చేది. కరెంటు ఎటు పోతే పని అటు నడిచేది.

పేజీ ముద్దుగా వచ్చింది. అప్పటి ఫోన్లలో తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి కాబట్టి సరుకులకు బొమ్మలు పెట్టారు. బియ్యం బస్తా, పప్పు గంప, వంకాయలు, చింతపండు, కట్టెల మోపు, నీళ్ల బిందె. బొమ్మ మీద నొక్కితే పక్కనే ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా మెరిసేది. ఆ మెరుపు భీమ్లా తెలివి. చూసి మురిసిపోయి సరే అన్నది తిరుమలే.

వంటావార్పుకు ముందురోజు పొద్దున ఆమె పేజీ తెరిచింది. బియ్యం పక్కన ఊళ్ల పేర్లు చాంతాడంత ఉన్నాయి. తరిగొప్పుల ఊరు బియ్యం తెస్తానంటే పక్క ఊరు తగ్గుతుందా? కట్టెలకు ఒకే ఒక్క ఊరు, అదీ మొహమాటానికి. నీళ్ల బిందె పక్కన మాత్రం ఈగ కూడా వాలలేదు. లోకమంతా చూసే చోట 'మేం నీళ్లు మోసినం' అని రాయించుకోవడానికి ఏ ఊరికి మనసొప్పుతుంది? అందరికంటే పైన మెరుస్తున్నది తిరుమల సొంతూరు బచ్చన్నపేట. సెంటర్‌కు వచ్చి మరీ బియ్యం బస్తా మీద మౌస్ పట్టి నొక్కి పోయింది ఆమె తండ్రి భద్రయ్య.

కరెంటు వచ్చినప్పుడే బోర్లు పోస్తాయి. ట్యాంకర్ నింపాలంటే ఇవాళే నింపాలి. తిరుమల భీమ్లాకు ఫోన్ కొట్టింది.

"భీమ్లా, నొక్కినదాన్ని మార్చుకునే బటన్ ఏదిరా?"

"అసొంటిది నేను పెట్టలే. మా తండల మాటిస్తే మాటే. ఇచ్చినంక ఎనుకకు తీసుకునుడు ఏంది?"

"మంచిగుంది నీ మాట! రేపు గంతమంది వట్టి బియ్యం బుక్కాల్నా?"

అవతల భీమ్లా పెద్దగా నవ్వాడు. "ఆగు, బటన్ రాస్త. నిండిన సరుకులు కిందికి పోతయి, లేనియి పైకొస్తయి. సరేనా?"

అన్నట్టే రాసి పంపాడు, ఆ వెంటనే అతని కరెంటు పోయింది. ఇక్కడ తిరుమల నొక్కి చూసింది. కొత్త సరుకు పక్కన ఊరి పేరు వస్తోంది కానీ పాత సరుకు పక్కనుంచి పోవడం లేదు. తిట్టడానికి ఫోన్ ఎత్తేలోపే రేగొండ నుంచి హరీశ్ దిద్దుబాటు వచ్చింది. "మీరు కొట్లాడుకునే లోపల నేను సక్కజేసిన" అని పక్కన రాశాడు. చూసింది, సరే అంది, పేజీకి ఎక్కించింది.

బటన్ వచ్చింది గానీ నొక్కేవాళ్లేరీ? నీళ్ల బిందె పేజీ నెత్తి మీద ఖాళీగా కూర్చుంది. ఇక లాభం లేదని ఇంటికి ఫోన్ చేసింది.

"బాపూ, మన ట్రాక్టర్‌కు బియ్యం ట్రాలీ ఇడిసి నీళ్ల ట్యాంకర్ తగిలియ్యవా?"

"ఏందే! ఊరంత చాటిన. తరిగొప్పులోళ్లు నవ్వరా? ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

"మరి నా ఇజ్జత్, బాపూ?"

భద్రయ్య ఫోన్ పెట్టేశాడు.

తిరుమల తెర ముందు అలాగే కూర్చుంది. యాకయ్యకు ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ ఊరికే మళ్లీ మళ్లీ పేజీ తెరుస్తోంది. ఒకసారి తెరిచేసరికి బియ్యం పక్కన బచ్చన్నపేట లేదు. కళ్లు నులుముకుని చూసింది. నీళ్ల బిందె పక్కన, ఒంటరిగా, మెరుస్తూ ఉంది. బాపు ఊళ్లో ఏ పోరగాడి ఫోన్‌లో నొక్కించాడో! ఆమెకు ఏడుపొచ్చేసింది. బాపు మీద అంత ప్రేమ తనకు ఎన్నడూ కలగలేదు. ఇంకాసేపటికి ఒక ఊరు కట్టెలకు మారింది, మరొకటి చింతపండుకు.

మరునాడు హైవే పొడవునా పొయ్యిలు వెలిగాయి. ఎసరు పెట్టాలంటే నీళ్లు, పప్పు కడగాలంటే నీళ్లు, ఎండలో గొంతు తడవాలంటే నీళ్లు. "భద్రన్నా, ఇటు! భద్రన్నా, మాకు జర!" అని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే కేకలు. తరిగొప్పుల పెద్దలు బిందెలు పట్టుకుని అతని వెనకే నడిచారు. భద్రయ్య ట్యాంకర్ మీద కూర్చుని పెండ్లికొడుకు తండ్రిలా హడావిడి చేశాడు. యాకయ్య మూడోసారి అన్నం పెట్టించుకుని, "ఇగ కాగితం పని లేదు బిడ్డా" అన్నాడు.

పొద్దు వాలుతుండగా భద్రయ్య తడిసిన చొక్కాతో కూతురి దగ్గరికి వచ్చాడు. చుట్టుపక్కల ఎవరైనా వింటున్నారేమో చూసుకుని గొంతు తగ్గించాడు.

"మల్ల వంటావార్పు ఎప్పుడే?"

"వచ్చే సోమవారం, పెంబర్తి కాడ. పేజీ ఇందాకనే తెరిచినం."

"నీళ్లు మనయే. తరిగొప్పులోళ్లు సూడకముందే నొక్కు."

తిరుమల ఫోన్‌లో పేజీ తెరిచి తండ్రికి చూపించింది. నీళ్ల బిందె పక్కన తరిగొప్పుల అప్పటికే ఎక్కి కూర్చుంది. బియ్యం పక్కన ఒక్క ఊరూ లేదు.