పెరట్లో మూడు మొద్దులు

"రోజంతా కూర్చునే ఉద్యోగమేగా నీది! పొద్దున్నే ఓ గంట ఒళ్ళు వంచితే ఆ మొద్దులు వాటంతటవే లేచొస్తాయి," అన్నాడు భర్త, ఖాళీ టీ కప్పు ఆమె చేతికిస్తూ.

చెట్లు కొట్టించింది అతనే. కారు నిలపడానికి చోటు కావాలన్నాడు. ఒక సాయంత్రం ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేసరికి చెట్లు లేవు, మోకాలెత్తు మొద్దులు మూడున్నాయి. కలప లారీకెత్తుకున్న మనిషి "వేళ్ళు తవ్వడం మా వల్ల కాదమ్మా" అని చేతులు దులుపుకున్నాడు. భర్తకి నడుం నొప్పి. అత్తగారు వాటికి కాలు తగిలి పడబోయిన రోజు నుంచి ఆ మూడూ ఎలాగో కోడలి తప్పయి కూర్చున్నాయి. "ఇల్లాలికి శ్రద్ధుంటే పెరడు ఇలా ఉంటుందా?" అని పక్కింటికి వినబడేలా అంది ఆవిడ. నెలాఖరుకి మేస్త్రీ గచ్చు వేయడానికి వస్తాడు.

ఆమె గునపం పట్టింది. తెల్లవారగానే పొయ్యి మీద అన్నం పడేసి పెరట్లోకి, కుక్కర్ కూత వినబడగానే మట్టికాళ్ళు కడుక్కుని వంటింట్లోకి. మొదటి మొద్దు తొమ్మిది రోజులు తిన్నది. అది పక్కకి ఒరిగిన పొద్దున, ఎవరికైనా చూపిద్దామని ఇంట్లోకి తొంగిచూసింది. "టిఫిన్ ఇవాళ కూడా ఆలస్యమేనా?" అన్న కేక వినబడింది.

రెండోది మొండిది. పన్నెండో రోజు గునపం రాతికి తగిలి చెయ్యి భుజం దాకా ఝల్లుమంది. ఆ తర్వాత కుడిచేతి మూడు వేళ్ళు వంగలేదు.

ఆసుపత్రిలో ఆమె పని పరీక్షలకి నెత్తురు తీయడం. వేలి కొనతో తడిమి, కంటికి కనబడని నరం కూడా పట్టుకునేది. రోగులు ముద్దుగా 'చీమక్క' అనేవాళ్ళు. ఆమె గుచ్చితే చీమ కుట్టినంతేనట. ఆ ఇంట్లో ఆమెకి ఎన్ని పేర్లున్నా, తను సంపాదించుకున్న పేరు అదొక్కటే. ఆ రోజు ఒక ముసలావిడ చేతిని మూడుసార్లు గుచ్చింది. నరం ఎక్కడుందో వేలికి తెలియడం లేదు.

"చీమక్కవని చెప్పి పంపారే తల్లీ, తేలులా కుట్టావేంటి?" అంది ముసలావిడ, కళ్ళు తుడుచుకుంటూ.

హెడ్ నర్సు ఆమెను డాక్టరుకి చూపించి పక్కకి తీసుకెళ్ళింది. "డాక్టర్ ఏమన్నారో విన్నావుగా. చేతికి విశ్రాంతి లేకపోతే వేళ్ళు ఇలాగే ఉండిపోతాయి. అప్పటిదాకా సూది పట్టుకోకు. ఇంట్లో కుదరదంటే చెప్పు, వెనక మా గదిలో ఒక మంచం ఖాళీగా ఉంది."

"కుదురుతుందక్కా," అంది, అలవాటుగా.

సాయంత్రం మళ్ళీ గుంటలో దిగింది, ఎడమ చేత్తో తవ్వుతూ. భర్త మెట్ల మీదకొచ్చి నిలబడ్డాడు.

"వేళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

పద్దెనిమిదేళ్ళ కాపురంలో అతను ఇలా అడగడం ఇదే మొదలు. ఆమె గునపం పక్కన పెట్టి చెయ్యి చూపించింది. "మూడు వంగడం లేదండీ. మొద్దుబారిపోయాయి. ఆసుపత్రిలో సూది పట్టుకోవద్దన్నారు."

"నీ వేళ్ళు కాదే! చెట్టు వేళ్ళు. మేస్త్రీ వచ్చేలోపు తెములుతుందా, లేదా?"

అతను లోపలికెళ్ళాడు. ఆమె గుంటలోనే కూలబడింది. ఏడుపు రాలేదు. మూడో మొద్దు వైపు చూసింది. అది కూడా పీకితే తర్వాత ఇంకేదో ఉంటుంది. ఇక్కడే వాలిపోతే ముందు ఏమడుగుతారు, లేవమంటారా, గుంట ఎంత లోతైందంటారా? జవాబు ఆమెకి తెలుసు. ఆ తెలియడమే భరించలేకపోయింది. ఎడమ చేత్తో కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటే వంచి చూసింది. వంచితే వంగాయి, వదిలితే మళ్ళీ కర్రల్లా నిలబడ్డాయి. ఇవి బాగవుతాయో లేదో డాక్టరూ ఖాయంగా చెప్పలేదు.

లేచి కాళ్ళు కడుక్కుంది. రెండు చీరలు, మందులు సంచిలో పెట్టుకుంది. గుమ్మంలో అత్తగారు అడ్డొచ్చింది. "ఈ వేళప్పుడు ఎక్కడికే?"

"ఆసుపత్రికి. అక్కడే ఉంటాను."

టీవీ ముందు నుంచి భర్త తల తిప్పాడు. "ఆ మొద్దు సంగతేంటి? సగంలో వదిలేసి పోతావా?"

"నేను సగమైనా మిగిలాను కదా," అంది ఆమె, చెప్పులేసుకుంటూ, "అందుకే పోతున్నాను."