మామగారి పేరు

మాలినేయో తన మామగారి పేరు ఒక్కసారి కూడా పలికి ఎరుగదు. ఆయన పోయాక కూడా పలకకూడదు మరి. బసోతో తెగలో కోడలికి మామ పేరు నోట్లోంచి రాకూడదు, ఆయన ఎదుట తలగుడ్డ తీయకూడదు, ఆయనతో ఎదురుపడి మాట కలపకూడదు. సెమొంకాంగ్ కొండల్లో ఈ సంగతి పసిపిల్లకైనా తెలుసు. రాజధాని మసేరు నుంచి కెమెరా వేసుకుని వచ్చిన లిమకాట్సోకీ తెలుసు. తెలిసే ఆ పేరు చెప్పమంది, అదీ విడ్డూరం.

ఆ పిల్ల తీస్తున్నది మాలినేయో గోడముగ్గుల మీద చిన్న డాక్యుమెంటరీ. పేడా మట్టీ కలిపి గోడ మెత్తి, తడి ఆరకముందే వేళ్లతో ముగ్గు గీయడం అక్కడి ఆడవాళ్లందరికీ చేతనైన పనే. అందరూ పువ్వులూ పొలాల చాళ్లూ గీస్తే, మాలినేయో ఆకాశంలోని చుక్కలు గీస్తుంది. ఏ చుక్క ఏ నెలలో ఎక్కడుంటుందో గోడ మీద అక్కడే ఉంటుంది.

"ఇదంతా ఎవరు నేర్పారక్కా?" అని అడిగింది లిమకాట్సో.

"మామయ్యే. నాకు కాదులే, కుక్కకు నేర్పేవాడు."

నిజమే. కోడలితో మాట్లాడకూడదు కదా, ఆ పెద్దమనిషి పాత దుర్భిణి కళ్లకు పెట్టుకుని పెరట్లో కూర్చుని, పక్కనున్న కుక్కకు పాఠం చెప్పేవాడు. "ఒరేయ్, అదిగో, ఆ చుక్కల గుంపు తేలు. దాని గుండెకాయ ఎర్రగా ఉంది, చూశావా?" కోడలు ఇటు తిరిగి గోడ మెత్తుతూ వినేది. పొద్దున్నే ఆయన గోడ చూసి, "ఈ చుక్క కాస్త కిందికి జారిందిరా, ఎవరైనా దిద్దితే బాగుండు" అని మళ్లీ కుక్కతోనే అనేవాడు. ఆమె దిద్దేది. కుక్కకు మాత్రం ఏమీ ఒంటబట్టలేదు.

ఊళ్లో ఆయనంటే నవ్వులాటే. ఒక చలికాలం ఆయన సొంతంగా ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆ కబురు చెబుదామంటే మంచు పడి కనుమ మూసుకుపోయింది. దారి తెరుచుకుని ఫోనున్న చోటికి గుర్రం మీద వెళ్లేసరికి, ఎక్కడో సముద్రాల అవతలి మనిషెవరో చెప్పేయడం, ఆ తోకచుక్కకు అతని పేరు పెట్టేయడం కూడా అయిపోయాయి. అప్పుడు ముఖం వేలాడేసుకుని వచ్చిన మామగారిని చూసి మాలినేయోకు కడుపు తరుక్కుపోయింది. ఓదార్చడానికి కూడా వీల్లేని వరస.

"అక్కా, ఆయన పేరు నువ్వే చెప్పాలి" అంది లిమకాట్సో. "తెర మీద అక్షరాలు వేస్తే ఎవరు చదువుతారు? పక్కింటాయన్ని అడిగితే, 'సెయాబాటానా? ఆకాశం చూస్తూ ఆవుల్ని పోగొట్టుకున్న సోమరి' అని పకపకా నవ్వాడు. అది పెట్టమంటావా?"

గుమ్మంలో చిక్కుళ్లు ఒలుస్తున్న అత్త చివ్వున తలెత్తింది. "నోరు జాగ్రత్త! నా కొడుకు గనుల్లో పోయాడు గానీ, ఈ ఇంటి మర్యాద పోలేదు."

పేరు చెబితే ఈ ఇంట్లో తన బతుకేమవుతుందో మాలినేయోకు తెలుసు. చెప్పకపోతే ఈసారి కూడా పేరు వేరేవాళ్లదే అవుతుంది, అదీ తనది. ఆయన నోటి మాటలన్నీ గోడకెక్కించి, మెప్పు తను కొట్టేసినట్టే కదా!

కెమెరా వైపు తిరిగింది. "ఈ ముగ్గులు నావి కావు. మా మామయ్య సెయాబాటా ఫూఫోలోవి. తోకచుక్కను కనిపెట్టిన సెయాబాటావి."

అత్త చేతిలో చిక్కుళ్లు జారిపోయాయి. ఆ రోజు నుంచి ఆవిడ కోడలితో మాట్లాడలేదు, కోడలు వండిన మొక్కజొన్న సంకటి ముట్టలేదు. వణికే చేతులతో తన కుండ తనే పొయ్యెక్కించుకునేది. మాలినేయో ఆ చేతుల్ని చూసి చాటుకు వెళ్లి ఏడ్చేది. చేసింది తప్పని మాత్రం ఆమెకు ఎంతకూ అనిపించలేదు.

డాక్యుమెంటరీ పూర్తయ్యాక చర్చి హాల్లో వేశారు. అత్త కంబళి కప్పుకుని వెనక వరసలో కూర్చుంది. తెర మీద మాలినేయో ఆ మాట అనగానే ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఒక ముసలాయన కర్ర తీసుకుని విసవిసా బయటికి నడిచాడు. చుక్కల గురించి ఎవరికీ ఏమీ ఎక్కలేదు.

తెల్లారి కుళాయి దగ్గర అదే గోల.

"సెయాబాటా అందే, మొగుడి తండ్రిని పట్టుకుని!"

"ఏ సెయాబాటా?" అంది పై ఊరి కోడలు.

"అదేనమ్మా, చుక్కలు చూసేవాడు. తోకచుక్కను కనిపెట్టాట్ట."

"ఆఁ! మన ఊళ్లోనా?"

దుకాణంలో అదే, టాక్సీల దగ్గర అదే. సాయంత్రానికి లోయ అవతలి వాళ్లు కూడా, ఆ సెయాబాటా ఇల్లెక్కడ, ఆ గోడేది అని అడుగుతూ వచ్చేశారు. వాళ్లు వెళ్లేదాకా అత్త గుమ్మంలోంచి కదల్లేదు. తర్వాత కోడల్ని పిలిచింది.

"ఆయన పోయినప్పుడు గొయ్యి తవ్వడానికి మనుషులు దొరకలేదే" అంది. "ఇవాళ ఊరూరా ఆయన పేరే."

"తిడుతున్నారుగా అత్తా."

"నిన్నే కదా తిట్టేది. పలికేది ఆయన పేరు." ఆవిడ గొంతు తగ్గించింది. "పెళ్లయిన నాటి నుంచి 'పిల్లాడి నాన్నా' అనే పిలిచాను. చనిపోయేటప్పుడు కూడా అంతే. ఏమే, పలికితే ఎలా ఉంటుంది?"

మాలినేయో ఆవిడ పక్కన కూలబడింది. "అని చూడండి."

అత్త చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పెదవులు కదిపింది, సగం పేరే బయటికొచ్చింది. కళ్లు తుడుచుకుని, ఈసారి లోపల గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు గట్టిగా అంది.