పొడిచిన చెయ్యి

కరుణకు పెళ్లై నెల కూడా కాలేదు. పుస్తెలతాడు పసుపు తెల్ల యూనిఫాం మెడకు అంటుకుంటే, ఎంత ఉతికినా పోవడం లేదని లోలోపల మురిసిపోయేది. ఆ పొద్దున, ఆ గుజరాతీ ఊళ్లో మిల్లులుండే పాండేసరకు డ్యూటీకి పోతూ భర్త పరుశురాం ఆమె సంచిలో నాన్‌ఖటాయి బిస్కెట్ల పొట్లం పెట్టాడు. "ఇన్‌ఛార్జి సిస్టరమ్మా, ఇంటర్వ్యూ అయినంకనే తినాలె, ముందుగాల ముట్టద్దు" అని నవ్వాడు.

అంతకుముందు రెండుసార్లు ఆమెకు ఇన్‌ఛార్జి నర్సు ప్రమోషన్ తప్పింది. రెండుసార్లూ మేట్రన్ హంసాబెన్ ఒకటే మాట చెప్పి ఆపేసింది: "కరుణ లేకపోతే క్యాజువాలిటీ నడవదు." పొగడ్తే మెడలో గుదిబండ అయింది. ఈసారీ ఇంటర్వ్యూ తప్పితే, తన దగ్గర సూది వేయడం నేర్చుకున్న పిల్లే తనకు ఇన్‌ఛార్జి అవుతుంది.

ఇంటర్వ్యూకని పై అంతస్తుకు బయలుదేరబోతుండగా క్యాజువాలిటీ తలుపులు దబ్బున తెరుచుకున్నాయి. సాంచెల మీద బట్ట నేసే రాజనర్సును నలుగురు మోసుకొచ్చారు. తొడలో కత్తెర పోటు. గాయంలో కుక్కిన నూలుచెత్త నాని జారిపోయింది. నెత్తురు చివ్వున ఎగిసి గోడను కొట్టింది. కరుణ పిడికిలి గాయంలో పెట్టి, ఒంటి బరువంతా వేసి అదిమింది.

వెనకే పొడిచినవాడు వచ్చాడు, అదే కత్తెరతో. పేరు లింగమూర్తి. ఇద్దరిదీ ఒకే సాంచె, చెరొక షిఫ్టు. తెగిన పోగులు అతకకుండానే రాజనర్సు దిగిపోయాడని తగవు. మోసుకొచ్చినవాళ్లు చెదిరిపోయారు. డ్యూటీ డాక్టర్ కూడా బల్ల వెనక నక్కాడు. లింగమూర్తి సెలైన్ సీసా బద్దలుకొట్టి, కరుణ మెడ పట్టి గుంజి, చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. పిడికిలి మాత్రం కదల్లేదు.

"జరుగు! వాణ్ని ఖతం జేస్త!"

"కత్తెర దేనికిరా? నేను చెయ్యి తీస్తే సాలు" అంది నెత్తురు ఉమ్మి. "సూడు."

ఒక్క లిప్త వదిలింది. వెచ్చటి ధార లింగమూర్తి మొహాన చిమ్మింది.

తన ఊరి యాస ఆమె నోట వినో, ఆ నెత్తుటి వేడికో, అతని చేతిలోంచి కత్తెర జారిపడింది. "అక్కా... గిట్లయితదనుకోలే..."

"ఏడుపాపు. పొడిసిన చెయ్యే గదా, గిక్కడ పెట్టి ఒత్తు. ఒదిలినవో, వాడు కాటికి, నువ్వు జైలుకు."

తన పిడికిలి తీసినచోట అతని పిడికిలి దిగేసింది. డాక్టర్‌ను చొక్కా పట్టి లేపింది. "కుట్టండి సార్. నాకు ఇంటర్వ్యూ ఉంది."

ఆయన సూది అందుకునేదాకా నిలబడి, మెట్లెక్కింది.

పైన అధికారులు ఆమెను చూసి కొయ్యబారిపోయారు. ఉబ్బిన పెదవి, మెడ దగ్గర పసుపు మీద ఎరుపు. పక్కనే ఉన్న హంసాబెన్ అలవాటుగా అందుకుంది: "సార్, ఈమె లేకపోతే క్యాజువాలిటీ..."

"నడుస్తోంది బెన్" అంది కరుణ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "పొడిచినవాడికే అప్పజెప్పి వచ్చాను."