ఖాళీయేనా?

నూలుమిల్లు మూతపడ్డాక కూడా సుహైల్ రోజూ గడ్డం గీసుకుని, పని కోసం పేట బజారంతా తిరుగుతున్నాడు. ఇక్కడ దొరక్కపోతే హైదరాబాదు రైలెక్కుతానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి తల్లి హలీమాకు ముద్ద దిగటం లేదు.

ఆ ఉదయం మోటార్ల మెకానిక్ కోటిబాబు గుమ్మం ముందు బండి ఆపాడు. "పిన్నీ, మీవాడు ఖాళీయేనా?"

ఎత్తిపొడుపనుకుంది హలీమా. "వాడికేం ఖర్మ, చేతినిండా పని."

"అట్నా. మా షెడ్డుకు మనిషి కావాలి. ఇంకెవర్నన్నా చూస్తాలే," అని అతను బండి తిప్పాడు.

హలీమా చెప్పుల్లేకుండానే వెంటపడింది. "ఒరేయ్, ఆగయ్యా. ఖాళీయే. చానా ఖాళీ."

సుహైల్ చొక్కా తొడుక్కుంటూ బయటికొచ్చాడు. "నేను ఖాళీ అని ఊరంతా చెప్పుకొస్తుంటే, నువ్వే నాకు ఉద్యోగం ఇచ్చేశావేందమ్మీ?" అంటూ బండెక్కాడు.

"మధ్యాన్నం అన్నానికి పంపిస్తావుగా?" అని కోటిబాబునడిగింది హలీమా.

"షెడ్డు పక్క వీధేగా, పిన్నీ."