వాడేసిన సూదులు వేసే చోటు

పార్కు వెనక సందు ఊడుస్తుంటే చేతికి ఏదో చురుక్కుమంది. ముల్లేమో అనుకుని గ్లవుజు తీసి చూసుకుంది పారిశుధ్య కార్మికురాలు. చెత్తలో ఎవరో మత్తుమందు ఎక్కించుకుని పారేసిన సిరంజి! ఆవిడ ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడ మందులిచ్చారు, పరీక్షలకని మళ్లీ మళ్లీ రక్తం తీశారు. ఏ రోగమూ అంటలేదని తేలేదాకా కన్న కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి కూడా జంకింది. భయం పోయినా ఆ మత్తుగాళ్ల మీద కోపం మాత్రం పోలేదు.

అలాంటిది, అదే సందు మొదట్లో, మూతపడ్డ ఫొటో స్టూడియోలో వాళ్లకి కొత్త సూదులిచ్చే కేంద్రం తెరిచారు. ఇదివరకు ఒక నర్సు సూదులు సంచీలో దాచుకుని ఈ పనే చేసేది. పోలీసులు పట్టుకుపోయారు కూడా. ఇప్పుడు చట్టం మారింది, ఆ నర్సే నడిపే ఈ కేంద్రం గోడకి లైసెన్సు వచ్చింది.

కార్మికురాలు చీపురు పట్టుకునే లోపలికి దూసుకెళ్లింది. "ఏం నర్సమ్మా, మాన్పించాల్సింది పోయి మీరే సూదులు పంచుతారా? నా బతుకు బుగ్గయిపోయేది, తెలుసా?"

నర్సు కుర్చీ లాగింది. "ముందు కూర్చో అక్కా." పచ్చ డబ్బా మూత తీసి చూపించింది. నిండా వాడేసిన సిరంజిలు. "కొత్తవి పట్టుకెళ్లేవాళ్లు పాతవి తెచ్చి ఇందులో వేస్తారు. ఒకరి సూది ఇంకొకరు వాడరు. మానేస్తానంటే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా. ఇవి ఇక్కడ పడకపోతే ఎక్కడ పడేవో నీకు వేరే చెప్పాలా?"

ఆవిడ డబ్బాలోకి తొంగిచూసి, చీపురు తీసుకుని పనికి వెళ్లిపోయింది.

వానలు వెళ్లేసరికి సందులో సూది కనబడటం అరుదైపోయింది. ఒకరోజు, అందరూ 'పుల్ల' అని పిలిచే బక్కపలచటి మనిషి పట్టకారుతో పొదల్లో వెతుకుతున్నాడు.

"చెయ్యి పెట్టకక్కా, పాతవి ఉన్నాయి. నేను ఏరేస్తున్నా."

"నీకెందుకురా ఈ తంటా?"

"ఇక్కడ ఎవరికో గుచ్చుకుందట. అది నాదే అయ్యుండొచ్చు కదా."

ఆవిడ గ్లవుజు తీసి అరచెయ్యి చూపించింది. "నాకేరా. బాగానే ఉన్నాలే."

పుల్ల తలెత్తలేకపోయాడు. మర్నాడు నర్సు వెంట డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

లైసెన్సు కొనసాగించాలా వద్దా అని అధికారులు సభ పెట్టినప్పుడు, కేంద్రం తీసెయ్యమని చాలామంది గోల చేశారు. ఆవిడ లేచింది.

"మీరు నడిచే దారి ఊడ్చేది నేను. భయం లేకుండా చెత్త ఎత్తుతున్నానంటే ఈ నర్సమ్మ చలవే. ఆ మందులు మానలేనివాళ్లూ ఎవరో కన్న బిడ్డలే. దయచేసి తియ్యకండి."

ఇంకేమీ తోచక కూర్చుండిపోయింది. పక్కనున్న నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

లోపలికి రావడానికి మొహం చెల్లక పుల్ల బయట మెట్ల మీదే ఉన్నాడు. సభ అయ్యాక ఆవిడ గబగబా వచ్చింది, వెనకే నర్సు.

"ఉంచుతారటరా!"

వాడు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"పిచ్చి సన్నాసీ, మంచి మాట చెబితే ఏడుస్తావేం?" అంటూ కొంగుతో తన కళ్లూ తుడుచుకుంది. "లే, ముగ్గురం వెళ్లి వేడివేడిగా టీ తాగుదాం."