స్ఫటికం తోక ముక్క

ల్యాబులో అందరూ చదివి, చదివినట్టు తమ పేరు ముద్ర వేయాల్సిన కాగితం అది. కురిహాషి రెండుసార్లు చదివింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

పరిశోధన పత్రికకు ఫునకోషి ప్రొఫెసర్ రాసుకున్న సంజాయిషీ. మాంగనీసు లవణంలో జింకు చెదురుమదురుగా కలిసిన స్ఫటికాన్ని మెల్లగా వెచ్చబెడితే, లోపలి అయస్కాంత క్రమం ఒక్క ఉష్ణోగ్రత దగ్గర చటుక్కున పోవాలి. ఆయన కొలతలో అది జీడిపాకంలా సాగింది. కొత్త నియమం కనిపెట్టానని సెండై నగరమంతా చాటాడు. తప్పని ఒసాకా పరిశోధకులు తేల్చాక ఇప్పుడు రాసింది ఒకటే మాట: 'స్ఫటికం నాణ్యతా లోపం.'

ఆడలేక మద్దెల ఓడట. ఆ స్ఫటికం పెంచింది కురిహాషి. పదిహేడు రోజులు కొలిమికి కాపలా కాసింది. కరిగిన లవణం కడ్డీగా గట్టిపడేకొద్దీ జింకు చివరి కొసకు, తోకవైపు పోగవుతుంది, అక్కడ ఒక్కో పొరలో క్రమం ఒక్కో ఉష్ణోగ్రతకు చెదురుతుంది. అందుకే తోకను విడిగా డబ్బాలో పెట్టి 'కొలతకు పనికిరాదు' అని రాసింది. పెద్ద ముక్క కావాలని ఆ మహానుభావుడు దాన్నే పట్టుకుపోయాడు.

ముద్ర వేయకుండా కాగితం తీసుకుని నాలుగో అంతస్తుకు వెళ్లింది.

"ప్రొఫెసర్ గారూ, లోపం స్ఫటికానిదా, మీదా?"

ఆయన టీ కప్పు దించాడు. "అబ్బ, కూర్చోండి కురిహాషి గారూ. ఏదో ఒకటి రాయాలి కదా! అయినా పేపర్లో మీ పేరే లేదు, మీకొచ్చిన నష్టమేంటి?"

"ఇరవై ఆరేళ్ల నుంచీ లేదు. నేనెప్పుడూ అడగలేదు. తప్పు మోయడానికి మాత్రం నేను గుర్తొచ్చానా? వచ్చే నెల రిటైరవుతున్నా. చెత్త స్ఫటికాలు పెంచిందనిపించుకుని పోవాలా? దిద్దండి. నా కళ్లముందే."

బయట విద్యార్థుల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఆయన గొణుక్కుంటూ టైపు చేశాడు. కొలిచింది తోక ముక్క అని, అది వద్దని పెంచినవారు ముందే చెప్పారని. పెంచినవారి పేరు దగ్గర వేళ్లు ఆగాయి.

"మీ... పూర్తి పేరేంటండీ?"

కురిహాషికి ఒళ్లు భగ్గుమంది. "కింద నా గది తలుపు మీదుంది. వెళ్లి చూసి రండి. అందాకా ఇక్కడే నిలబడతా."

ఆయన లేచాడు. బయట ఎవరినో గొంతు తగ్గించి అడగడం ఆమెకు వినిపించింది.

"స్ఫటికాలు పెంచే గది ఏ అంతస్తులో ఉందయ్యా?"