సాయం పద్దు

"కణక్కు పుస్తకంలో పన్నెండు వేలు యాడ పోయింది మామా? ఈ పొద్దు చెప్పకుంటే రేపు స్టేషన్‌లో చెప్పాల్సొస్తాది," అన్నాడు సంఘానికి కొత్త కార్యదర్శి శరత్‌కుమార్.

కోశాధికారి దండపాణి తల ఎత్తలేదు. "సాయానికి పోయింది. ఎవరికని మాత్రం అడగద్దు."

ఆడికృత్తికకు తిరుత్తణి కొండెక్కే కావడి భక్తులకు మజ్జిగ పోయడానికి నేతవాళ్లు పెట్టుకున్న సంఘం అది. మిగిలిన డబ్బు కష్టంలో ఉన్నవాళ్లకిస్తారు. ఎవరికిచ్చిందీ కోశాధికారి నోరు విప్పకూడదని మొదటి నుంచీ కట్టుబాటు. ముప్పై ఏళ్లు ఆ కట్టుబాటును మెచ్చుకున్నవాళ్లే ఇవాళ ఆయన్ని దొంగను చూసినట్టు చూస్తున్నారు.

గోడవారన కూర్చున్న సెల్లమ్మ ఇంకాస్త వెనక్కి జరిగింది. ఆ డబ్బు ఆమె మొగుడి ఆపరేషన్‌కే పోయింది. గాజులమ్మి కట్టానని వీధంతా చెప్పుకుంది. ఎవరి ముందూ చెయ్యి చాపలేదని, ఇప్పుడు పక్కనే ఉన్న తోడికోడలు కోకిల దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయిందో!

శరత్‌కుమార్ పుస్తకం మీద ఫోను పెట్టి, అదైనా చదువుతుందేమోనని చూశాడు. దండపాణి గొలుసుకట్టు తెలుగు రాత దానికీ అంతుపట్టలేదు. తమిళ బళ్లో చదివిన ఈ కాలం పిల్లలకు తమిళం తప్ప చదవడం రాదాయె.

"సెల్లమ్మక్కా, నీకు తెలుగు చదవను వస్తాది గదా. ఆయన చదివితే ఎట్ట నమ్మేది? నువ్వు చదువు."

పుస్తకం ఒళ్లోకి వచ్చింది. తన పరువు తన నోటితోనే తీసుకోవాలా అని ఆమె ప్రాణం విలవిల్లాడింది. వేలు వరస వెంట జరిగి ఆగింది. సాయం, పన్నెండు వేలు. అంతే. పేరు లేదు! మహానుభావుడు పుస్తకానికి కూడా చెప్పలేదు. బతికానురా దేవుడా అనుకుంది.

అప్పుడు దండపాణి వైపు చూసింది. ఒక్క మాటంటే ఈ నింద నుంచి బయటపడతాడు. అనడు.

"ఏముందక్కా?"

పేరు లేని ఆ వరస మీద సెల్లమ్మ మళ్లీ వేలు పెట్టింది. "సెల్లమ్మ మొగుని ఆపరేషన్‌కు సాయం, పన్నెండు వేలు. అట్టని రాసిండాడు," అంది.

కోకిల చివాలున తిరిగి చూసింది. శరత్‌కుమార్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. సిగ్గుతో మొహం మండిపోతున్నా సెల్లమ్మ లేచి వెళ్లి, పుస్తకాన్ని తెరిచినట్టే దండపాణి ముందు పెట్టింది.

"సరిగ్గా చదివినానా అన్నా?"

తాను రాయని ఆ పేరు కోసం దండపాణి పుటలోకి చాలాసేపు చూశాడు. కళ్లొత్తుకున్నాడు.

"సరిగ్గానే చదివినావమ్మా," అన్నాడు.